మూడు కూతలు

మధ్యాహ్నం. ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల మీద పాత కంప్యూటర్. ఒకప్పుడు టైపు నేర్పిన ఆవిడ, ఆవిడ పిలిస్తే వచ్చిన మెకానిక్.

"మళ్ళీ మూడు కూతలేనా మేడం?"

"మూడే. పొద్దున స్విచ్ వేశాను, కుయ్ కుయ్ కుయ్ మంది. తెర మటుకు నల్లగానే ఉంది."

"పోయిన గురువారమూ అంతే. అంతకుముందు గురువారమూ అంతే."

"దానికేం తెలుసు ఏ వారమో. మోకాళ్ళు సహకరిస్తే మీ షాపుకే పట్టుకొచ్చేదాన్ని. టీ పెట్టనా?"

"వద్దండీ. షాపులో నాలుగు మిషన్లు ఎదురుచూస్తున్నాయి. చూసేసి వెళ్ళిపోతా."

"ఎప్పుడూ ఇదే మాట. రెండు కప్పులు తాగితే గానీ లేవరు."

"సరే, పెట్టండి. చక్కెర..."

"సగం చెంచా. తెలుసు."

"ఆ పెట్టె ఏంటండీ? లాప్‌టాప్ కదూ? సీలు కూడా తీయలేదే!"

"మా చెల్లెలి కూతురు పంపింది. 'పెద్దమ్మా, ఆ డొక్కు అవతల పారేయ్, ఇది రెప్పపాటులో తెరుచుకుంటుంది' అంది. రెప్పపాటులో తెరిచి నేనేం చేయాలి? నాకేం తొందర?"

"నిజం చెప్పనా? కొత్తదే మంచిది. బరువుండదు, గొడవుండదు, కరెంటు పోయినా నడుస్తుంది."

"మెకానిక్ అయ్యుండి మీరే అలా అంటే ఎలా?"

"మెకానిక్‌ని కాబట్టే అంటున్నా. ఈ డొక్కు..."

"డొక్కు అనకండి. ఎక్కడ నొప్పో ఇది నోరు తెరిచి చెప్తుంది. ఒక్క కూత అంటే బాగున్నట్టు. మూడంటే ఆ ముక్క... ఏంటది?"

"ర్యామ్."

"ఆ, ర్యామ్. మీరే చెప్పారు. కొత్తవి చెప్తాయా? 'ఏదో పొరపాటు జరిగింది, క్షమించండి' అంటాయి. ఏం పొరపాటో చెప్పవు. పైగా మనం క్షమించాలట!"

"అది మాత్రం నిజమే. కొన్నిటికైతే స్క్రూలు కూడా ఉండవు, అంతా జిగురే. పాడైతే పారేయడమే. మా చేతికి పనుండదు."

"చూశారా! మరి కొత్తదే మంచిదని ఎందుకంటారు?"

"మీకు మంచిదని."

"నా మంచి సంగతి వదిలేయండి. ఇదిగో, ర్యామ్‌ని రుద్దడానికి కొత్త రబ్బరు తెప్పించాను."

"ఉండండి. రుద్దక్కర్లేదు."

"అదేంటి? ఎప్పుడూ రుద్దుతారుగా. అంచులకి మకిలి పడుతుందనీ..."

"మకిలి లేదు. తళతళలాడుతోంది. నేనింకా రబ్బరు పట్టుకోనేలేదు, లోపల రబ్బరు పొట్టు ఉంది మేడం."

"పోయినవారంది అయ్యుంటుంది."

"పోయినవారం నేను బ్రష్‌తో ఊడ్చే వెళ్ళాను. దుమ్ము కూడా లేదు. రోడ్డు పక్క ఇల్లు, దుమ్ము లేకపోవడమేంటి?"

"లేకపోతే మంచిదేగా."

"పోయినసారి నాకు తుమ్ములొచ్చాయని తుడిచారా?"

"అయ్యో, టీ పొంగుతున్నట్టుంది. ఇప్పుడే వస్తా."

"స్టవ్ ఇంకా వెలిగించలేదు మేడం. కూర్చోండి. దీన్ని మీరే పీకుతున్నారు కదా?"

"...పూర్తిగా పీకను. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఒక పక్క వదులు చేస్తాను, అంతే. ఈసారి మాత్రం మీకు శ్రమెందుకని తీసి నేనే రుద్దాను. మీరు చేస్తుంటే చూసి నేర్చుకున్నా."

"ఎందుకండీ?"

"ఎందుకంటే ఏం చెప్పను? ఈ గదిలో ఒకప్పుడు పన్నెండు టైపు మిషన్లు టకటకలాడేవి. మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది. ఇప్పుడు పొద్దుగూకే దాకా నా గొంతు నాకే వినపడదు. ఫోన్లో అందరూ బొమ్మలు పంపుతారు. పువ్వులు, దణ్ణాలు, నవ్వే మొహాలు. మనిషి మాత్రం రాడు. ఇది పాడైతే మీరొస్తారు. గేటు చప్పుడవుతుంది. ఒంటరిగా ఉందండీ, అంతకన్నా ఏం లేదు."

"అది కాదు మేడం..."

"ఆ లాప్‌టాప్ తెరిచాననుకోండి. అది పాడవదు. పాడవకపోతే మిమ్మల్ని ఏమని పిలవను? అందుకే సీలు తీయలేదు. తప్పే, పనున్న మనిషిని వారం వారం అబద్ధం చెప్పి రప్పించుకున్నా. ఎప్పుడు కనిపెట్టారు?"

"రెండోసారికే. ఆ క్లిప్పు దానంతటది తెరుచుకోదు."

"రెండోసారికా! అంటే ఏడాది బట్టీ తెలుసా? తెలిసీ రుద్దుతూ కూర్చున్నారా?"

"ఇవాళ కూడా రుద్దేసి పోయేవాణ్ణే. కానీ ఇదిగో చూడండి, క్లిప్పు చీలింది. ఇంకొక్కసారి లాగితే విరుగుతుంది. విరిగితే మళ్ళీ దొరకదు, ఇక నేను బాగుచేయడానికేం ఉండదు."

"అయితే ఇంక రారన్నమాట."

"నేనలా అన్నానా? దీని జోలికి పోకండి అన్నాను. ఆ లాప్‌టాప్ తెరుచుకోండి. గురువారం ఊరికే ఒక ఫోన్ కొట్టండి, చాలు."

"ఊరికే రమ్మంటే షాపులో నాలుగు మిషన్లు వదిలేసి వస్తారా?"

"షాపు ఎత్తేసి రెండేళ్ళయింది మేడం. ఈ పనిముట్ల సంచీ నేను బయటికి తీసేది గురువారమే."