గీచ్ దాటాక ఊట

కాదు అస్రెస్ అన్నా, నువ్వే చెప్పు, ఆ ఫోను ఎవరిది? నాది. నా జేబులో మోగింది. తీసి, "హలో, గైడ్ దెజెన్‌ని మాట్లాడుతున్నా" అన్నాను. అవతల ఆ నార్వే దొరసాని ఏమందో తెలుసా? "జెనెబెచ్ గారికి ఇస్తారా?" అంది!

నా పెళ్ళాం! గారట!

నవ్వకు. నీ కంచరగాడిదలకి మేత వేసుకుంటూ విను, చాలు.

దెబార్క్ వచ్చి సిమియెన్ కొండలెక్కాలనుకున్న ప్రతివాడూ ముందు నా పేరే అడిగేవాడా, కాదా? అప్పుడు మా ఆవిడ ఎక్కడుండేది? వెనకాల వంట డేరాలో ఉల్లిపాయలు తరుగుతూ. దారులన్నీ నేర్పిందెవరు? నేను. పక్కన కూర్చోబెట్టి గైడు పరీక్షకి చదివించిందెవరు? నేనే. కార్డు మెడలో వేసుకొచ్చిన రోజు వీధి వీధంతటికీ కాఫీ పోయించింది కూడా నేనే, వెర్రివాణ్ణి.

అప్పుడు సంతోషమే అన్నా, నిజంగా. ఆడ గైడుని ఎవడడుగుతాడులే అనుకున్నాను.

అడిగారు కదా! ఈ దొరసాని కిందటేడు వచ్చినప్పుడు గైడుని నేను, మా ఆవిడ వంటమనిషి. అయినా ఎవరు గుర్తున్నారు? ఈసారి తల్లిని కూడా తెస్తానంది. డెబ్భై దాటిన ముసలావిడ. పోయేలోగా మన కొండల మీద ఒక్కసారి పొద్దు పొడవడం చూడాలట. "జెనెబెచ్ అయితేనే వస్తాం" అని షరతు.

ఇక చూడు మా ఇంట్లో సంబరం! నేల మీద పటం పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఒకటే ఆలోచన. ముసలావిడకి ఊపిరి అలవాటు పడాలి, కాబట్టి సంకాబెర్‌ మకాంలో రెండు రాత్రులు. గడ్డి మేసే కోతుల మంద వచ్చే చోట పొద్దున్నే కుర్చీ వేయించాలి. రాత్రిళ్ళు కప్పుకోడానికి ఇంకో గాబీ దుప్పటి. ఫోను చెవి మీంచి దించదు. ఆ ఫోను నాది!

నేను ఆకలితో కూర్చుంటే, "ఇంజెరా రొట్టె గంపలో ఉంది, పెట్టుకో" అంది. నా వైపైనా చూడలేదు.

నేనెప్పుడైనా ఇంత పట్టించుకున్నానా అంటావా? ఎందుకూ? పదండి అనేవాణ్ణి, నడిచేవాళ్ళు.

టీకొట్టు దగ్గర ఆ వెక్కిరింతలు! "ఏం దెజెన్, ఈసారి వంటకి నువ్వెళ్తున్నావా?" అన్నది ఎవడనుకున్నావు? నీ తమ్ముడే!

సరే, అది వదిలెయ్. నాకో కంచరగాడిద కావాలి. ఆ బూడిదరంగుది, ఎత్తు బాగా ఎక్కుతుంది. ఇప్పుడే జీను వెయ్యి. ఎందుకని మాత్రం అడక్కు.

అడుగుతావు. నీ అలవాటే అది.

మొన్న బయల్దేరారా? ముందురోజు సాయంత్రం నన్నడిగింది. "గీచ్ మకాం దాటాక నల్లరాయి కింద ఊట ఉంది చూడు, దాంట్లో నీళ్ళున్నాయా? అక్కడ డేరా వేద్దామని" అంది.

నేను కిందటి నెలే అటు వెళ్ళొచ్చాను. ఎండిపోయిందన్నా. తడి కూడా లేదు. నెర్రెలు.

"నిండుగా ఉంది" అన్నాను.

అదేంటి అలా చూస్తావు? నోట్లోంచి వచ్చేసింది! ఒక్క పూట తెల్లమొహం వేస్తే చాలనుకున్నాను. "దెజెన్ అయితే ఇలా జరిగేదా" అని ఆ దొరసాని అంటే చాలనుకున్నాను. అంతే. ఎవరి చావూ కోరలేదు.

కానీ నిన్నటి ఎండ చూశావా? ఆ ఎత్తులో, ఆ వయసులో, నీళ్ళు లేకపోతే? వెనక్కి గీచ్ దాకా నడవగలదా? పొద్దుట్నుంచీ నాకు ముద్ద దిగలేదు. ఫోనా? కొండమీద సిగ్నల్ ఎక్కడుందన్నా! రేపు సాయంత్రానికి వాళ్ళు ఆ ఊట దగ్గరికి చేరతారు. అడ్డదారిన పోతే ఈలోగా నీళ్ళతో అందుకుంటాను. కానీయ్, జీను వెయ్యి.

అక్కర్లేదా? అక్కర్లేదంటే?

ఎవరు, జెనెబెచ్ వచ్చిందా? ఇక్కడికా? మొన్న పొద్దున్నే! రెండు కంచరగాడిదలు ఎక్కువ మాట్లాడుకుందా? కేవలం నీళ్ళ డబ్బాలు మొయ్యడానికే?

అంటే... ఉండు. సంతరోజు గీచ్ వైపు నుంచి దిగొచ్చిన గొర్రెల కాపరుల దగ్గర చాలాసేపు నిలబడింది. నేను చూశాను, ఉన్ని బేరమేమో అనుకున్నాను. నన్నడగడానికి ముందే కదా అది! తెలిసే అడిగిందా నన్ను?

ఏంటీ? ఏమందీ? మళ్ళీ చెప్పు.

"ఊట ఎండిపోయిందని మా దెజెన్ చూసొచ్చి చెప్పాడు" అందా? ఇక్కడ, అందరి ముందా? నీ తమ్ముడు కూడా ఉన్నాడా? "ఎంతైనా కొండ సంగతి దెజెన్‌కే తెలియాలి" అన్నాడా వాడు?

కాస్త జరుగన్నా. కూర్చోనీ.

తిట్టొచ్చు కదా మనిషి! తిడితే నేనూ నాలుగు తిట్టేవాణ్ణి, సరిపోయేది. నా మీద కోపమైనా తెచ్చుకోలేదు, అంత పెద్దదైపోయింది. నేనేమో ఇక్కడ నీ గడ్డిమోపు మీద.

జీను వద్దులే.

నీ తమ్ముడికి నేనిప్పుడు చెప్పిందేదీ చెప్పకు. ఎవరడిగినా, అవును, దెజెనే చెప్పాడట అను. ఏం చెయ్యమంటావు? ఆ పేరొక్కటే నాకు వదిలి వెళ్ళింది. తీసుకుంటాను.