పీర్ల కొట్టానికి తాళమెందుకు పడ్డది

సభకు పెద్దగ కూసున్న హెడ్మాస్టరు వెంకట్రాం సారుకు, ఆయన పక్కపొంటి కుర్చీలున్న సర్పంచి పటేలుకు, ముంగట చాపల మీద కూసున్న అక్కలకు అవ్వలకు, జాగ దొరకక కిటికీలు పట్టుకోని నిలబడ్డ అన్నలకు, అందరికి ఈ పోశయ్య దండాలు. మెడల పూలదండ ఏసుకోని, జాతరల మేక లెక్క తల వంచుకోని కూసున్న మా సోషల్ సారు యూసుఫ్‌కు మాత్రం ఇప్పుడే దండం పెట్ట. ఆయనతోని నాకు పదేండ్ల పంచాది ఉన్నది. అది తేలినంక పెడ్త. (నవ్వులు)

వెంకట్రాం సారు నాకు ముందే చెప్పిండు, "పోశయ్యా, ఇది రిటైరుమెంటు సభ, మంచి మాటలే చెప్పాలె" అని. మంచి మాటలన్ని నా కన్న ముందు మాట్లాడిన సార్లు చెప్పిన్రు. క్రమశిక్షణ అన్నరు, నిరాడంబరం అన్నరు. నాకు సంతకం వస్తది, బస్సు బోర్డు సదువుడు వస్తది, నిరాడంబరం రాదు. నాకొచ్చింది నేను చెప్త.

ఈ బడికి కొత్తగ వచ్చిన సార్లకు తెల్వదు గనక మొదటికెళ్ళి చెప్తున్న. మన ఊర్ల పీర్ల పండుగకు పెద్ద పీరును, అంటె బట్టలు చుట్టిన వెండి పంజాను, ఎత్తుకునే హక్కు మా ఇంటిది. మా తాత ఎత్తిండు, మా నాయిన ఎత్తిండు, నేను ఎత్తుతున్న. పీర్లను పెట్టే కొట్టం తాళంచెవి మాత్రం సారు ఇంట్ల ఉంటది. వాళ్ళు పీరును కూసోబెడ్తరు, మేము లేపుతం, యోహాను డప్పు కొడ్తడు. గీ యోహాను ఆదివారం చర్చిల పాటలు పాడ్తడు, పీర్ల నెల వచ్చిందంటె డప్పు అసన్నుసేన్లకే కాగబెడ్తడు. ఇదేందిరా అని ఇంతవరకు ఎవలు అడగలె. అడిగేది ఉన్నదని గూడ మాకు తెల్వదు.

ఇగ డెబ్బై తొమ్మిదిల ఏమయిందంటె, పెద్ద దినం వచ్చింది. నేను ఒక్కపొద్దులుండి, తానం చేసి, తెల్లధోతి కట్టి, ఒంటికి గంధం పూసుకోని, నెత్తికి దట్టీ చుట్టుకోని కొట్టం కాడికి పోయిన. ఊరంత వచ్చింది. యోహాను డప్పు మోగుతున్నది. గుండంల నిప్పులు ఎర్రగున్నయి. సూస్తె కొట్టానికి తాళం. సారు ఆయనింట్ల తలుపు బిగించుకోని కూసున్నడు. పిలిస్తె పలుకలె. నేను ఆ ఏషంతోని, ఒట్టి చేతులతోని, ఊరి నడుమ కెళ్ళి ఇంటికి నడుసుకుంట వచ్చిన. నా పెండ్లాం కనకలక్ష్మి పీరుకు పెట్టే మలీద ముద్దలు పట్టుకోని వాకిట్ల నిలబడి, "పీరు ఏదయ్యా" అన్నది. ఆ దినం సంది ఈ ఊర్ల నా పేరు 'పీరు లేని ఫకీరు'. మా మనుమడు బడిల చేరినప్పుడు గూడ ఈ సార్లలనే ఎవరో "పీరు లేని ఫకీరు మనుమడివా" అన్నరట. నవ్వుతున్నరు గదా, నవ్వుండ్రి. పదేండ్లు మోసి సూడుండ్రి.

తాళమెందుకు ఏసినవని సారును అడిగిన. ఆయన ఏం చెప్పిండో తెల్సా? మక్క సంగతి చెప్పిండు.

ఆ పీర్ల నెల మొదట్లనే మక్కల పెద్ద మసీదుల తుపాకులోళ్ళు సొచ్చిన్రట. సారు రేడియోల ఇని నాకు చెప్పిండు. "ఎవలు సారు, దుష్మన్లా?" అంటె, "కాదు పోశన్న, మాలాగ నమాజు చేసెటోళ్ళే" అన్నడు. వాళ్ళ పెద్దోడు తన బామ్మర్దిని పట్టుకొచ్చి, లోకాన్ని బాగుచేసెతందుకు దేవుడు పంపినోడు ఈయనే అని చెప్పిండట. బామ్మర్దిని అంతగనం నమ్మిన మనిషిని నేను ఇంకోన్ని చూడలె. (నవ్వులు) కని శానమంది సచ్చిన్రు. మొక్కుకుందామని పోయినోళ్ళు సచ్చిన్రు. గప్పుడు మా సారు ఏడ్సిండు. అది నేను చూసిన.

"ఇది యాడికెళ్ళి పుట్టింది సారు?" అని అడిగిన. ఆయన అరుగు మీద మూడు రాళ్ళు పెట్టిండు, పొయ్యి లెక్క. సోషల్ సారు గదా, ఏది చెప్పినా బొమ్మ కావాలె.

మొదటి రాయి అరబ్బు దేశంల. శాన ఏండ్ల కింద ఒక పంతులు, ఒక దొర ఒప్పందం చేసుకున్నరట. మా తీరే తీరు, దర్గాలు తప్పు, సమాధులు తప్పు అనుడు పంతులు పని. కత్తి పట్టుడు దొర పని. ఆ మాట ఎడారిలనే ఉండిపోవునట, కని ఇసుక కింద నూనె దొరికింది. పైసలొచ్చినంక ఆ మాటకు కాళ్ళొచ్చినయి. పుస్తకాలయ్యింది, క్యాసెట్లయ్యింది.

రెండో రాయి ఈజిప్టుల, జైల్ల. అక్కడి సర్కారు పట్టుకపోయి సావగొడ్తె, ఆ దెబ్బలల్లకెళ్ళి ఒక పుస్తకం పుట్టిందట. మమ్ముల కొట్టెటోళ్ళు అసలు మావోళ్ళే కాదు, వాళ్ళను పడగొట్టుడే ధర్మం అని. ఇది నాకు సప్పున సమజయింది. ఎందుకంటె అరవై తొమ్మిదిల జై తెలంగాణ అనుకుంట జనగామ టేషన్ల రైలు ఆపపోయినం నేను, సారు. రైలు ఆ దినం రానే లేదు, లాఠీలు మాత్రం టైముకు వచ్చినయి. (నవ్వులు) ఠాణాల ఈపు పగిలి పండుకున్నప్పుడు, ఎవలన్న వచ్చి "పోశయ్యా, నిన్ను కొట్టినోన్ని సంపుడు పున్నెం" అని నా చేతిల తుపాకి పెడ్తె నేను తీసుకుందును. ఉన్న ముచ్చటే చెప్తున్న. గప్పుడు పక్కకున్న యూసుఫ్ సారు నా ఈపుకు నూనె రాసుకుంట, "జర ఆగు పోశన్న, నొప్పి తగ్గనియ్యి, గప్పుడు ఆలోచన చేద్దాం" అన్నడు. ఆ జైల్ల నూనె రాసెటోడు దొరకలేదేమో వాళ్ళకు.

మూడో రాయి ఆ ఏడే పడ్డది. మక్క లొల్లి అయిపోంగనే రష్యోళ్ళు అఫ్ఘానిస్తాన్ల జొచ్చిన్రు. ఇగ మూడు రాళ్ళు పడ్డయి, పొయ్యి అంటుకున్నది. దేశదేశాల పోరగాండ్లు జిహాదని ఆడికి ఉరికిన్రు. జిహాదంటె ఏందని సారును నేను అడిగిన. పాటుపడుడట. మనిషి తన కోపంతోని, తన ఆశతోని కొట్లాడుడు అన్నిట్ల పెద్దదట. "గంత మంచి మాటను ఈ మూడు రాళ్ళ మీద పెట్టి మసి చేసిన్రు పోశన్న" అన్నడు.

ఇదంత బాగనే చెప్పిండు. కని నేనడిగింది మక్క సంగతి కాదు, నా కొట్టం సంగతి.

వెంకట్రాం సారు గంట మీద చెయ్యి పెట్టిండు. పెట్టుండ్రి సారు, కొట్టకుండ్రి. ఇంక అసలుది చెప్పలె.

మన సారు మేనల్లుడు చాంద్‌పాషా గల్ఫుల డ్రైవరు పని చేసి వచ్చిండు. అగో, కిటికీ కాడ నిలబడి నా దిక్కు గుర్రుగ సూస్తున్నడు. మంచి పిలగాడే, నా ముంగట పెరిగినోడు, నా భుజాల మీద ఎక్కి పీర్ల ఆట చూసినోడు. వచ్చుకుంట ఇంత పెద్ద టేప్‌రికార్డరు తెచ్చిండు. అండ్ల ఎవరో మొలాన, అంటె వాళ్ళ మత పెద్ద, మా దొడ్ల ఎద్దు బెదిరేటట్టు అరుస్తడు. చాంద్‌పాషా తల్లి చోటీ బీ, "బందు చెయ్‌రా బేటా, బర్రె పాలిస్తలేదు" అని మొత్తుకుంటది. అబద్ధమా చోటక్కా? (నవ్వులు)

గా పిలగాడు ఒక దినం నా కాడికొచ్చి, "పోశన్న మామా, పీర్లు ఎత్తుడు పాపం, దేవుని పక్కన ఇంకొకర్ని నిలబెట్టొద్దు" అన్నడు. నేనన్న, "మా ఇంట్ల గూట్ల నిండ దేవుండ్లున్నరు బిడ్డా, ఇంతవరకు జాగ కోసం ఒకన్నొకడు నూకలె." ఇగ జేబులకెళ్ళి ఒక బొమ్మ తీసిండు. గుట్టల నడుమ గడ్డపాయన, భుజం మీద తుపాకి. "సూడు మామా, రష్యాను ఎల్లగొట్టెటోళ్ళు." "గీ తుపాకి ఎవలిచ్చిన్రు?" "అమెరికా." "అమెరికా నమాజు చేస్తదా?" పిలగాడు బొమ్మను జేబుల పెట్టుకున్నడు.

మొన్న చలికాలం రష్యోళ్ళు వాపసు పోయిన్రట. "తుపాకులు గూడ వాపసు ఇచ్చిన్రా సారు?" అని అడిగిన. సారు తల అడ్డంగ ఊపిండు. నాకు రజాకార్ల కాలం యాదికొచ్చింది. దళమోళ్ళకు నేను అంబలి మోసిన. రజాకార్లు పోయిన్రు, కని కొంతమంది చేతులల్ల తుపాకి ఏండ్లదాక దిగలె. అవుతలోడు పోయినంక ఆ మొన ఎటు మళ్తదో పట్టుకున్నోనికే తెల్వదు. చాంద్‌పాషా తుపాకి పట్టెటోడు కాదు, నాకు ఎరుకే. ఆ పిలగానికి కోడిని కోసుడే రాదు. ఆయన కాడున్నది ఒక్క తాళంచెవి.

అవును, అదే నా బాధ. సారు రిటైరయి, జనగామల మేనల్లుడు కొత్తగ కట్టిన ఇంటికి పోతడట. కొట్టం తాళంచెవి ఇప్పటికే ఆ పిలగాని చేతిల పడ్డది. నెల కనబడినా కొట్టం తెరవను అని చాంద్‌పాషా యోహానుతోని చెప్పిండు. యోహాను వచ్చి నాతోని చెప్పుకుంట డప్పును పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నడు. ఇంత జరిగినా సారు నాతోని ఒక్క మాట చెప్పలె. మళ్ళ అదే పదేండ్ల కింది ఊకుండుడు.

సారు, యూసుఫ్, మనిద్దరం ఒక్క గుండం చుట్టు తిరిగి పెరిగినోళ్ళం. ఆ ఏడు నువ్వెందుకు తాళమేసినవో నాకు నేను తెల్సుకున్న. మక్కల నెత్తురు పారుతుంటె డప్పు ఎట్ల కొట్టియ్యాలె అనుకున్నవు, లేకుంటె భయపడ్డవు. రెండిట్ల ఏదైన నేను తప్పనను. కని నువ్వే చెప్పినవు, ఆ తుపాకులోళ్ళు మసీదుల జొచ్చినంక చేసిన మొదటి పని దర్వాజలకు గొలుసులేసుడని. వాళ్ళు ఆడ గొలుసేసిన్రు, నువ్వీడ తాళమేసినవు. వాళ్ళు ఎన్నడు మన ఊరు బచ్చన్నపేట మొకం చూడలె, కని వాళ్ళ పని ఈడ గూడ అయింది. నేను ఒట్టి చేతులతోని ఇంటికి పోయిన. ఒక్కసారంటె ఓర్సుకున్న, మరుసటేడు నువ్వే మళ్ళ తెరిసినవు. ఈసారి మీ పిలగాడు ఏసే తాళం మళ్ళ తియ్యడు.

పీరు పాపమో పున్నెమో నీ పుస్తకాలు నీకు ఎరుక, ఆ పంచాది నేను ఇడిసిపెడ్త. కని నాతోని మొకం మీద చెప్పాలె. మూడు రాళ్ళ పొయ్యి ఊరందరికి చెప్పినవు, నాకు ఒక్క ముక్క చెప్పలేవా?

శుక్రవారం దాక నీకు గడువు. ఆ దినం పొద్దుమూకంగ నెల కనబడ్తదని నువ్వే చెప్పినవు. నేను తానం చేసి, తెల్లధోతి కట్టి, యోహానును ఎంటబెట్టుకోని కొట్టం ముంగట నిలబడ్త. నోరు రాకుంటె మానె, దర్వాజ తీసి చెప్పు. తియ్యకుంటె తియ్యనని చెప్పు, దట్టీ ఇప్పి నీ చేతిల పెట్టి పోత. చాంద్‌పాషా, నువ్వు గూడ రా బిడ్డా. భుజాలు అప్పటియి కావు గని, నిలబడెతందుకు పక్కన జాగ ఇస్త.

గంట కొట్టకుండ ఓపిక పట్టిన వెంకట్రాం సారుకు, నవ్వినోళ్ళకు, నవ్వు ఆపుకున్నోళ్ళకు శుక్రియా. యూసుఫ్ సారు, నీ దండం నా కాడనే ఉన్నది, శుక్రవారం కొట్టం కాడ పెడ్త. గప్పటిదాక సెలవు.