రెండు పేర్ల ఊరు

శుక్రవారం సెలవు. తను పనిచేసే ఇంటి మేడంతో ఐరోపా వెళ్లొచ్చిన సాయికుమారికి, గల్ఫ్ కూలీలుండే మామీర్ క్యాంపు బయట తమ్ముడి ప్రశ్నలతో విసుగెత్తిపోయింది.

"రైల్లో కొండమీద ఊరికి తీసుకెళ్ళారంట కదక్కా! మంచు చూశావా?"

"నీ మంచు తగలెయ్య! ఆ ఊళ్ళో రెండు బాసలంట. ఊరికీ రెండు పేర్లే. మేడం చీటీ మీద రాసిచ్చిన పేరొకటి, బోర్డు మీద పైన కనపడ్డ పేరింకోటి. నేను కూడబలుక్కునేలోపు రైలు కదిలిపోయింది."

"మరి మేడం?"

"ముందు పెట్టెలోంచి దిగిపోయింది. నేను ఆవిడ పాపతో వెనక పెట్టెలో ఉండిపోయాను."

"అయ్యబాబోయ్! నీ పాస్‌పోర్టో?"

"ఆవిడ సంచీలోనే. తర్వాత స్టేషన్లో దిగి ఏడుస్తా కూచున్నాను. గంటకి వచ్చి, పాపని లాక్కుని, నన్ను తిట్టిపోసింది."

"పోన్లే, వచ్చింది కదా."

"పాప నా దగ్గర లేకపోతే వచ్చేదంటావా, తమ్ముడూ?"