మూడు పట్టీల పిల్లి

షట్టర్ల మేస్త్రీ ఆ సాయంత్రం నోరు మూసుకుని కూర్చుందామనే టీ కొట్టుకి వచ్చాడు. ఒట్టు. ఇంట్లో బయల్దేరేటప్పుడు అద్దం ముందు నిలబడి ఆ మాట తనకి తనే రెండుసార్లు చెప్పుకున్నాడు కూడా. భార్య పిల్లిని బుట్టలో పెట్టుకుని తమ్ముడింటికి వెళ్లిపోయి పన్నెండు రోజులైంది. ఆ తమ్ముడు, అంటే మేస్త్రీకి బావమరిది, పొద్దున్నే ఫోన్ చేశాడు. "నాలుగింటికి టీ కొట్టు దగ్గరికొస్తా బావా. అక్క నిన్నొకసారి చూసి రమ్మంది. నేను వెళ్లి చెప్పేదాన్ని బట్టి రావాలో వద్దో తేల్చుకుంటుందట."

కాబట్టి ఒక్క గంటసేపు మెత్తగా ఉంటే చాలు. గొంతు తగ్గించుకుంటే చాలు. పాతికేళ్లుగా కొట్లకి ఇనప షట్టర్లు బిగిస్తూ, ఆ గడగడల మధ్య పనివాళ్లని కేకేస్తూ బతికిన మనిషి. ఆయన వీధి మొదట్లో మాట్లాడితే చివర్లో వినబడుతుంది. ఆయన చెవికి మాత్రం అది మామూలు గొంతే. ఈ పన్నెండు రోజులూ ఇంట్లో ఆ గొంతుకి బదులు పలికే మనిషి లేక మేస్త్రీకి నిజంగా భయమేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

మూడున్నరకే వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. టీ కొట్టావిడ గ్లాసు అందించింది. ఆవిడ పెంచుకునే బూడిదరంగు పిల్లి పంచదార డబ్బా పక్కన కాళ్లు ముడుచుకుని కునుకు తీస్తోంది. ఎదురు బల్ల మీద టైలరూ, వ్యాను డ్రైవరూ. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు డ్రైవరు అడక్కూడని మాట అడిగాడు.

"ఏంటి మేస్త్రీ, మీ పిల్లి కనబడట్లేదు?"

"మా ఆవిడ పట్టుకెళ్లింది" అంటే సరిపోయేది. మూడంటే మూడు ముక్కలు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడం మేస్త్రీ ఇంటావంటా లేదు.

"దానికి ఈమధ్య పిలుపులు మరీ ఎక్కువయ్యాయిలే. కాస్త విశ్రాంతిగా ఉంటుందని బామ్మర్ది ఇంటికి పంపించా."

"పిలుపులా? పిల్లికా?" అన్నాడు టైలరు, నోట్లో ఉన్న సూది తీసి కాలరుకి గుచ్చుకుంటూ. అంటే ఇక వినడానికి సిద్ధపడ్డాడన్నమాట. మేస్త్రీ గొంతు అప్పుడే ఒక మెట్టు పైకెక్కింది.

"మొదటినించీ చెప్తా వినండి. దానికి భయం జబ్బని మీకు తెలుసుగా? బీరువా కింద దూరితే రెండ్రోజులు బయటికి రాదు, వస్తే పరుపు తడిపేస్తుంది, తోక మీద బొచ్చు తనే పీక్కుంటుంది. పశువుల డాక్టరమ్మకి చూపించా. ఆవిడ మెడకి కట్టే పట్టీ ఒకటిచ్చింది. తల్లిపిల్లి పాలిచ్చేటప్పుడు దాని ఒంట్లోంచి ఏదో వస్తుందట, ఫెరొమోనో ఏదో అంటారు, అది తగిలితే పిల్లలకి అమ్మ దగ్గరే ఉందిలే అని ధైర్యంగా ఉంటుందట. అలాంటిదే తయారుచేసి ఆ పట్టీలో కూరారు. మన ముక్కుకి ఆనదు, పిల్లి ముక్కుకే. నెల్లాళ్లు పనిచేస్తుంది. తెచ్చి కట్టా. పావుగంట తిరిగేసరికి వచ్చి నా ఒళ్లో పడుకుంది."

డాక్టరమ్మ నిజం. పట్టీ నిజం. ఒళ్లో పడుకోవడం దగ్గరే తేడా. ఇంటికొచ్చిన ఈ మూడేళ్లలో ఆ పిల్లి ఆయన ఒళ్లోకి ఒక్కనాడూ రాలేదు. ఆ మాట అంటున్నప్పుడు మేస్త్రీ చెయ్యి తెలియకుండానే తన తొడని నిమిరింది.

"పోన్లే, మంచిదే," అన్నాడు టైలరు.

అంత చిన్న మెచ్చుకోలు మేస్త్రీకి ఏ మూలకి?

"ఆగవయ్యా, అసలు కథ ముందుంది. ఒకటికే ఇంత గుణముంటే రెండు కడితే ఎలా ఉంటుంది? రెండోది కట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కన్నంలో ఎలుకలు బయటికొచ్చాయి. ఊరికే రావడం కాదు, సంసారాలతో సహా వచ్చి దాని వీపు మీద కాపురం పెట్టాయి. ఒక ఎలుక అక్కడే పిల్లల్ని కూడా పెట్టింది. మన పిల్లి వాటికి తోకతో విసురుతోంది!"

"తోకతో విసురుతోందా?"

"ఉక్కపోతగా ఉంది మరి, పసిగుడ్లు!"

డ్రైవరు పొలమారి దగ్గాడు. టీ కొట్టావిడ నవ్వాపుకుంటూ పాల గిన్నె కలిపింది. మేస్త్రీ బల్ల చివరినుంచి మధ్యకి జరిగాడు. అద్దం ముందు చెప్పుకున్న మాట ఆ చివరే ఉండిపోయింది.

"మూడోది కట్టా. ఇక చూడండి, వీధిలో కుక్కలన్నీ వరస కట్టి మా గుమ్మం ముందు కూర్చున్నాయి. ఒక్కటి నోరు మెదిపితే ఒట్టు. మరీ మొరగాలనిపించినవి వీధి చివరికెళ్లి, మొరిగి, మళ్లీ వచ్చి వాటి చోట్లో అవి కూర్చునేవి. ఎదురింటి అన్నదమ్ములు ప్రహరీగోడ కోసం పదేళ్లుగా తలలు పగలగొట్టుకుంటున్నారా? మన పిల్లిని తీసుకెళ్లి ఆ గోడ మీద కూర్చోబెట్టా. క్షణంలో ఇద్దరూ చల్లబడ్డారు. గోడ నీదే తమ్ముడూ అని వాడు, కాదన్నయ్యా నీదేనని వీడు, చివరికి ఎవరు వదులుకోవాలా అని మళ్లీ కొట్టుకున్నారు. అది నా తప్పు కాదు, పిల్లిని తొందరగా దించేశా."

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. ఫొటోలకి ఫ్రేములు కట్టే పని ఆయనది. మనిషి రావడం, కూర్చోవడం ఎవరికీ తెలియదు. చేతిలో చిన్న కాగితప్పొట్లం. టీ వద్దని సైగ చేసి బల్ల చివర, మేస్త్రీ ఇందాక వదిలేసిన చోట్లోనే కూర్చున్నాడు.

మేస్త్రీ చూశాడు. చూడకేం? లోపల ఎక్కడో ఆపెయ్యరా ఆపెయ్యి అని కూడా అనిపించింది. కానీ కళ్లెదుట ముగ్గురు వింటుంటే మధ్యలో ఆపడం ఆయనకి చేతకాదు. పైగా ఇది విని బామ్మర్ది కూడా నవ్వుతాడేమో, బావ హుషారుగానే ఉన్నాడని అక్కతో చెప్తాడేమో అన్న వెర్రి ఆశ ఒకటి పుట్టింది.

"రా బామ్మర్దీ, నువ్వే సాక్షివి! మొన్న ఆదివారం గాలివాన ఎందుకు రాలేదు? ఎందుకో ఎవరైనా చెప్పండి. నల్లగా మబ్బు కమ్ముకొచ్చింది, ఉరుమబోతూ గొంతు సవరించుకుంది. నేను పిల్లిని రెండు చేతులతో పట్టుకుని మేడెక్కి పైకెత్తి చూపించా. అంతే! ఉరుము గొంతులోనే ఆగిపోయింది. ఆ మబ్బు మెల్లగా కిందికి దిగి, మా పిట్టగోడ మీద ఆనుకుని, మేస్త్రీగారూ ఎక్కడ కురవమంటారో సెలవియ్యండి అని అడిగింది, గుసగుసగా!"

"ఆదివారమా?" అన్నాడు డ్రైవరు నవ్వుతూనే. "అప్పటికి మీ పిల్లి మీ ఇంట్లో లేదుగా. మీ ఆవిడ అంతకు వారం ముందే బుట్ట పట్టుకుని నా వ్యానే ఎక్కింది. కాస్త చూసుకుని కొయ్యి బాబాయ్."

టైలరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మేస్త్రీకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"నేను అబద్ధం చెప్తున్నానా!" అని గ్లాసు బల్లకేసి కొట్టాడు.

ఆ కేకకి పంచదార డబ్బా పక్కనున్న బూడిదరంగు పిల్లి ఒక్క గెంతు గెంతింది. డబ్బా దొర్లి పడింది. రెండు గ్లాసులు కింద పడి పగిలాయి. పిల్లి పొయ్యి వెనక, గోడకీ డ్రమ్ముకీ మధ్య సందులోకి దూరిపోయింది. తోక కొస మాత్రం బయటికుంది, అది వణుకుతోంది.

బావమరిది ఆ తోకనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, పక్కవాళ్లు ముందుకు వంగితేగానీ వినబడనంత మెల్లగా అన్నాడు.

"బావా, వీధి మొదటినుంచీ వింటూనే వచ్చా. మూడో పట్టీ ఎప్పుడు కట్టావో చెప్పలేదు."

మేస్త్రీ బల్ల మీద ఒలికిన టీని అరచేత్తో తుడవబోయాడు.

"నేను చెప్తాలే. ఒక్కటే కట్టమంది డాక్టరమ్మ. అది పనిచెయ్యట్లేదని నువ్వు రెండోది కొన్నావు. అదీ కట్టి, పిల్లి ఎదురుగా కూర్చుని, ప్రశాంతంగా ఉండమంటుంటే వినబడట్లేదా అని అరిచావు. అది బీరువా కిందికి పోయింది. చీపురు కర్రతో బయటికి లాగి మూడోది కట్టావు. ఆ పూటే అక్క బుట్ట తీసింది."

"అది... నా గొంతే అంత. నీకు తెలీదా?" అన్నాడు మేస్త్రీ. మెల్లగానే అన్నాననుకున్నాడు. సందులో తోక కొస కూడా లోపలికి పోయింది.

"ఇంట్లో ఇది దేనికి భయపడుతోందో చూసి ముందు దాన్ని మాన్పించండి, పట్టీ ఆ తర్వాతే అంది డాక్టరమ్మ. నువ్వేమన్నావు? పక్కింట్లో గోడలకి డ్రిల్లింగు చేస్తున్నారన్నావు. ఆ ఇల్లు ఏడాదిగా తాళమేసి ఉంది. అక్క నీ పక్కనే నిలబడి ఉంది. అయినా అది అబద్ధమని డాక్టరమ్మకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఎప్పుడైనా ఆలోచించావా?"

టైలరు సూది తీసుకుని చేతిలో లేని గుడ్డకేసి చూసుకున్నాడు. డ్రైవరు తల దించుకున్నాడు. నవ్వినందుకు సిగ్గేసింది వాళ్లకి, ఇన్నాళ్లూ నవ్వినందుకు.

బావమరిది పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. అందులో మూడు పట్టీలు. మూడోదానికి కొక్కెం లేదు, కత్తెరతో కోసి తీసినట్టుంది.

"మా ఇంటికొచ్చిన మర్నాడే అక్క ఇవి తీసేసింది. పిల్లి ఇప్పుడు కిటికీలో వెల్లకిలా పడుకుంటోంది. అక్క కూడా అన్నం తిన్నాక ఓ గంట పడుకుంటోంది బావా. పెళ్లయ్యాక అక్క పగలు కునుకు తీయడం నేను చూడటం ఇదే మొదటిసారి."

లేచి నిలబడ్డాడు.

"చూసి రమ్మంది, చూశాను. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్తాను."

ఎలా వచ్చాడో అలాగే వెళ్లిపోయాడు. పిలుద్దామని మేస్త్రీ గొంతు దాకా మాట తెచ్చుకున్నాడు. పిలిస్తే అది కేకే అవుతుంది. ఆయన దగ్గర వేరే గొంతు లేదు. ఆ సంగతి ఈ వయసులో, ఈ బల్ల మీద తెలిసింది.

ఏం చెయ్యాలో తోచక కోసిన పట్టీ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. వాసనేమీ రాలేదు. మనుషులకి రాదని ఇందాక చెప్పింది ఆయనే. అయినా ఇంకోసారి పీల్చాడు.

టీ కొట్టావిడ పొయ్యి తగ్గించి, నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, సందులోకి చెయ్యి చాపి బుజ్జగిస్తోంది. ఎంత పిలిచినా పిల్లి కదల్లేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, తల తిప్పకుండానే అంది.

"మేస్త్రీగారూ, ఏమీ అనుకోకండి. మీరు వెళ్తేగానీ ఇది బయటికి రాదు."