తాడు ఇవతల

బెర్గా ఊరి పైన వాగులో పిల్లల పాత మోటారు బళ్ళ పోటీ జరుగుతోంది; కాలు కింద ఆనించకుండా రాళ్ళు దాటాలి. చూసేవాళ్ళు లోపలికి రాకుండా కట్టిన తాడు ఇవతల తండ్రీ కూతురూ నిలబడ్డారు. అవతల మనవరాలు కెరాల్ బండిని పెద్ద రాయి మీదికి ఎక్కిస్తోంది.

"నాన్నా, బండి ఊగుతోంది."

"ఊగనీవే. నువ్వు చిన్నప్పుడు తోలిన మోంటెసా బండేగా. దానికి ఈ రాయి కొత్తా?"

"నాకూ కొత్త కాదు. గడ్డం కింద ఈ మచ్చ ఎక్కడిదనుకున్నావు?"

"పడేదాకా కాలు కింద పెట్టలేదు నువ్వు. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు."

"నువ్వు మాత్రం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డావు."

"మరేం చెయ్యమంటావ్? పిల్ల కాలు ఆనిస్తే ఒక్క పాయింటే పోతుంది. మనం చెయ్యి వేస్తే ఐదు పోతాయి."

"అయ్యో, ముందు చక్రం లేచింది! నేను వెళ్తున్నా."

"ఆగు! తాడు దాటావంటే ఊరుకోను. దాని మానాన దాన్ని వదిలెయ్. ఏయ్ కెరాల్, యాక్సిలరేటర్ తగ్గించు... తగ్గించమ్మా..."

"నాన్నా! నువ్వెక్కడికి?"

కాసేపటికి ముసలాయన మోకాళ్ళ దాకా తడిసి తిరిగొచ్చాడు.

"ఇప్పుడు సంతోషమా? పిల్ల ఏడుస్తోంది. కాలే పెట్టలేదట. నువ్వు పట్టుకోకపోతే దాటేసేదట."

"దాటేసేదే. నాకు తెలుసు."

"తెలిసి మరెందుకు పరిగెత్తావు?"

"హెల్మెట్ కింద దాని గడ్డం కనిపించిందే. అచ్చం నీదే. మచ్చ ఒక్కటే ఇంకా పడలేదు."