చిటికెడు లేని భాష

పాండేసరలో గుడ్డకు రంగులు వేసే ఒక డైయింగ్ మిల్లు. మధ్యాహ్నం భోజనాల వేళ, రంగులు కలిపే గదిలో ఇద్దరే ఉన్నారు: ఇరవై ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తున్న రంగు మాస్టర్ రాజనర్సు, మిల్లుకు సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీలో ఉద్యోగం చేసే అతని మేనకోడలు సంతోషి.

“సంతకమే గద మామా. పెట్టరాదు.”

“పెడ్త. ముందుగాల చదివి వినిపియ్యి. ఇంగ్లీషుల ఉన్నది.”

“ఏముండదు. మామూలు ఫారం.”

“మామూలు ఫారం కోసం ఆఫీసు ఇడిచిపెట్టి ఇంత ఎండల వచ్చినవా? చదువు బిడ్డా.”

“‘ఆరు లాట్ల గుడ్డకు రంగు తప్పింది. సెలవు మీద పోయే ముందు మాస్టర్ రెసిపీ తప్పు ఎక్కించినందుకు…’”

“ఆగు. ఎవలు తప్పు ఎక్కించినందుకు?”

“మాస్టర్.”

“ఈ మిల్లుల మాస్టర్లు ఎంతమంది?”

“మామా…”

“ఒక్కడే. ఎవలు?”

“నువ్వే.”

“ఆఁ, గదీ. పేరు చెప్పనీకె సిగ్గైతున్నదా? రాసేటప్పుడు కాలేదా?”

“నేను రాయలె. మా బాస్ ఓంప్రకాష్ భాయ్ రాసిండు. నేను సంతకం తీస్కపోవాలె, గంతే.”

“మీ ఓంప్రకాష్ భాయ్ ఈ గదిలకు ఎన్నిసార్లు వచ్చిండు?”

“రాలె.”

“చేతికి రంగంటకుండనే రంగుల తప్పు పట్టిండు. గొప్పోడే.”

“మామా, ఊకె మాటలొద్దు. రెండు గంటల వరకు ఈ కాగితం మిల్లు సేఠ్ టేబుల్ మీద ఉండాలె.”

“ఉంటది తియ్యి. ఇగో, ఈ ముక్క చూడు. ఇది ఏం రంగు?”

“ఇటుక రంగు.”

“గిరాకి ఏమడిగిండు?”

“ఉల్లిపొర రంగు.”

“నేను ఇంట్ల కూసున్న ఎనిమిది దినాలల్ల ఆరు లాట్లు. మిల్లు కాస్త ఇటుకబట్టీ అయింది.”

“అందుకే గద అడుగుతున్న. పోయే ముందు రెసిపీల ఏమన్న మార్చినవా?”

“నీ ట్యాబ్ తెరువు.”

“ఎందుకు?”

“తెరువు. ఉల్లిపొర రంగుకు నేను చెప్త, నువ్వు కొట్టు. గులాబి, సున్న పాయింట్ ఒకటి ఒకటి.”

“కొట్టిన.”

“పసుపు, సున్న పాయింట్ సున్న మూడు.”

“ఊఁ.”

“వయొలెట్, సున్న పాయింట్ సున్న సున్న నాలుగు.”

“కొట్టిన. అయితే ఏంది?”

“సేవ్ జెయ్యి. జేసినవా? ఇగ బంద్ జేసి మళ్ల తెరువు. వయొలెట్ ఎంతున్నది?”

“ఆగు, మళ్లొక్కసారి తెరుస్త.”

“కండ్లు మంచిగనే ఉన్నయి గద. చదువు.”

“సున్న పాయింట్ సున్న సున్న.”

“నాలుగు ఎటు పోయె?”

“నెట్‌వర్క్ ప్రాబ్లం కావచ్చు.”

“నెట్‌వర్క్ వచ్చి ఆ నాలుగునొక్కదాన్నే ఎత్తుకపోయిందా? పైనున్న మూడును ముట్టలేదేందే?”

“సిస్టమ్ల గట్లనే ఉంటది మామా.”

“సిస్టమ్ అంటే ఎవలు?”

“కంపెనీ.”

“కంపెనీల ఎవలు?”

“మా టీం.”

“టీంల?”

“…నేను.”

“అబ్బ. ఎంత దూరం తిప్పి తెచ్చినవ్ బిడ్డా. ఖటోదరా దాక నడిచి పోయి వచ్చినట్టైంది.”

“అది తప్పు కాదు మామా, డిజైన్. మెషిన్‌కు రెసిపీ అర్థం గావాలంటే ఒక భాష కావాలె. ఆ చిన్న భాష నేనే తయారు చేసిన. వెయ్యి, తిప్పు, వేడి చెయ్యి, కడుగు… గిట్ల పది మాటలు. ఆ భాషల నంబర్ అంటే పాయింట్ ఎనుక రెండంకెలే. మూడోది వస్తే కట్ అయితది.”

“ఎందుకు రెండే?”

“జాగ ఆదా అయితదని.”

“ఏ జాగ? గోదాంల జాగనా?”

“కాదు. కంప్యూటర్ యాదిల పెట్టుకునే జాగ. పెద్ద నంబర్‌కు పెద్ద డబ్బ గావాలె. చిన్న నంబర్ చిన్న డబ్బల పడుతది. ఒక్కో నంబర్‌కు రెండు బైట్లు మిగుల్తయి.”

“రెండు బైట్లు అంటే ఎంత? గ్లాసెడా, గిన్నెడా?”

“గట్ల కొలవరు మామా.”

“మరి ఏడాదికి మొత్తం ఎంత మిగుల్తది?”

“నూట నలభై కేబీ.”

“నాకు అర్థమయ్యేటట్టు చెప్పు.”

“వాట్సాప్‌ల పొద్దుగాల గుడ్ మార్నింగ్ అని పువ్వు ఫొటో వస్తది గద.”

“ఆఁ.”

“అసొంటిది ఒకటి.”

“ఏడాదికి ఒక పువ్వు?”

“ఊఁ.”

“మీ అమ్మ సారక్క నాకు దినాం రెండు పంపుతది. ఆమెనొక్క దినం చుప్ కూసొమ్మంటే నీకు రెండేండ్ల జాగ మిగులుతుండె గదనే!”

“నవ్వకు మామా. దీనికి నాకు ఆఫీసుల కప్పు ఇచ్చిండ్రు.”

“చిన్న కప్పే గద? జాగ ఎక్కువ తినదు గద?”

“సున్న సున్న నాలుగు అంటే ఎంత మామా అది! ఎవలకన్న కంటికి కనవడతదా?”

“నూరు కిలోలకు నాలుగు గ్రాములు, ఆరునూర్ల కిలోల గుడ్డకు ఇరవై నాలుగు గ్రాములు. గా ఇరవై నాలుగు గ్రాములు పడకపోతే ఉల్లిపొర ఇటుకైతది, ఇగో నీ చేతులనే ఉన్నది. మీ అమ్మ గంజెడు పప్పుకు చిటికెడు ఇంగువ వేస్తది. గింత పప్పుల గంత ఇంగువ లెక్కల రాదని ఇడిచిపెడ్తదా?”

“పెట్టది.”

“నీ భాషల పది మాటలున్నయి గని, చిటికెడు అన్న మాట లేదు బిడ్డా.”

“సరే. సరే మామా. తప్పున్నది అనుకుందాం.”

“అనుకుందామా?”

“ఉన్నది. కని ఒకటి చెప్పు. ఈ సాఫ్ట్‌వేర్ పెట్టి ఎనిమిది నెలలైతున్నది. ఎనిమిది నెలలు ఉల్లిపొర ఉల్లిపొరనే వచ్చింది. అప్పుడు గూడ వయొలెట్ సున్ననే గద. ఎట్ల వచ్చింది?”

“నసీబు.”

“మామా.”

“మెషిన్‌కు దయ గలిగింది.”

“మామా, నిజం చెప్పు.”

“చెంచ.”

“ఏం చెంచ?”

“చాయ్ చెంచ. నీ మెషిన్ సున్న వేసి చేతులు దులుపుకున్నంక, చిన్న కాంటా మీద జోకి నేను చెంచతోని వేసిన. ఒక్క ఉల్లిపొరకే కాదు. లేత రంగు ఏది వచ్చినా.”

“ఎనిమిది నెలలు?”

“ఎనిమిది నెలలు.”

“ఎవలకు చెప్పకుండనా?”

“ఎవలడిగిండ్రు?”

“మామా, నీకేమన్న దిమాకున్నదా! మొదటి దినమే నాకొక ఫోన్ చేస్తే గంటల సరి చేద్దును గద!”

“మొదటి దినం నువ్వు మెడల దండేసుకొని సేఠ్ పక్కన ఫొటో దిగుతున్నవ్. అమ్రోలి బస్తీల మీ అమ్మ గల్లి గల్లి తిరిగి, నా బిడ్డ రంగుల మెషిన్‌కు మాటలు నేర్పిందని చెప్తున్నది. ఆ గడియల వచ్చి నీ లెక్కల నాలుగు పడిపోయిందని చెప్పాల్నా?”

“మర్నాడు చెప్పాలె.”

“మర్నాడు ఓంప్రకాష్ నిన్ను పర్మనెంట్ చేసిండంటివి.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత… ఏంది, పోలీసులెక్క అడుగుతున్నవ్?”

“నన్ను కాపాడనీకె చేసినవా? గంతేనా?”

“ఖరాబ్ మాల్ నా చేతి మీద బయటికి పోవుడు నాకు పడది.”

“గంతేనా?”

“…ఎప్పటికన్న ఎవడో ఒకడు చూస్తడనుకున్న. మెషిన్ వేసేది ఒకటి, గుడ్డ మీద వచ్చేది ఒకటి, నడుమ ఎవడో ఉన్నడని తెలుసుకుంటడనుకున్న. ఒక్కడు చూడలె. నేను ఎంత మంచిగ వేస్తే నీ సాఫ్ట్‌వేర్ గంత మంచిదైంది.”

“అయ్యో మామా.”

“అయ్యో గియ్యో ఎందుకు? నువ్వే గద సేఠ్ ముంగట తెర మీద బొమ్మలేసి చూపించినవ్. ఏమని రాసినవ్ అండ్ల?”

“ఇప్పుడెందుకది?”

“చెప్పు.”

“‘ఎనిమిది నెలలు, ఒక్క లాటు గూడ తప్పలేదు. ఇగ మాస్టర్ లేకున్నా నడుస్తది’ అని.”

“సేఠ్ అది చూసి నన్ను పిలిచిండు. రాజనర్సూ, ఎనిమిది దినాలు ఇంట్ల ఉండు, నువ్వు లేక నడుస్తదా చూద్దాం అన్నడు. నేను చుట్టీ అడగలె బిడ్డా. నీ బొమ్మ ఇప్పించింది.”

“నీ పేరు రాయలె మామా నేను. మాస్టర్ అని ఊకెనే…”

“మళ్ల నన్నడుగు, ఈ మిల్లుల మాస్టర్లు ఎంతమందని.”

“ఒక్కడే మామా. నువ్వే.”

“ఏడ్వకు. రంగు గదిల కన్నీళ్లు పడితే అదొక షేడ్ వస్తది, దానికి రెసిపీ లేదు.”

“ఏడుస్తలేను. ఆ కాగితం ఇటియ్యి.”

“సంతకం పెడ్త ఆగు. పెన్ను తియ్యి.”

“వద్దు.”

“పెడ్త అంటున్న గద. నాకు ఇంక రెండేండ్ల నౌకరి ఉన్నది. నీది ఇప్పుడే మొదలైంది. నాదేమున్నది, ఇంట్ల కూసొని మీ అమ్మ పువ్వులు చూసుకుంట.”

“మామా, కాగితం ఇడువు. చినుగుతది.”

“చినిగింది.”

“మంచిగైంది. ఆ ట్యాబ్ ఇటియ్యి.”

“ఏం చేస్తున్నవ్?”

“రిపోర్టుల రిమార్కు రాస్తున్న. సేఠ్ గూడ చదువాలె గద, హిందీల కొడుతున్న. ‘ఈ తప్పు రాజనర్సు మాస్టర్‌ది కాదు, నాది. నేను చేసిన భాషల నంబర్ చిన్నగున్నది. మాస్టర్‌ను తియ్యొద్దు.’”

“పిచ్చిదానా, ఓంప్రకాష్ నిన్ను నిలవెట్టి తీసేస్తడు!”

“తియ్యనియ్యి.”

“మీ అమ్మకు ఏం చెప్తవ్?”

“నువ్వే చెప్పు. చెంచ సంగతి గూడ చెప్పు.”

“ఆగు, వొత్తకు. సంతోషీ, నా మాట ఇను.”

“సేవ్. పంపిన. అయిపోయింది.”

“…నీకు మా నాయిన మొండితనం వచ్చింది.”

“నీకు రాలేదా?”

“జర ఊకో. పంపి పావుగంట గూడ కాలె, అప్పుడే మేనేజర్ పరమేశ్వర్ సార్ వస్తున్నడు. నమస్తే సార్.”

“ఆఁ, నమస్తే మాస్టర్. సంతోషీ, నీ రిపోర్టు నాకు వచ్చింది. సేఠ్ గూడ చూసిండు.”

“చదివిండ్రా సార్?”

“చదివిన. గింత సాఫ్‌గ రాస్తవనుకోలె. సొంత మేనమామ అయినా మొహమాటం పడలె. షాబాస్.”

“మొహమాటం… ఏం మొహమాటం సార్?”

“మాస్టర్, ఇరవై ఆరేండ్లు చేసినవ్. నాకు గూడ మంచిగనిపిస్తలేదు. కని సేఠ్ ఫైసల్ జేసిండు. గది తాళంచెవి ఇచ్చెయ్యి.”

“ఇస్త సార్.”

“ఆగు మామా! సార్, మీ ఫోన్ల ఏమున్నదో జర పైకి చదువుండ్రి.”

“‘ఈ తప్పు రాజనర్సు మాస్టర్‌ది.’”

“దాని ఎనుక?”

“దాని ఎనుక ఏమున్నది? గంతే.”

“‘కాదు, నాది’ అని ఉన్నది సార్. ఇంక రెండు ముక్కలున్నయి. కిందికి జరుపుండ్రి.”

“జరిపేటందుకు ఏం లేదమ్మా. ఇగో, నువ్వే చూడు.”

“…మామా. మాటలకు గూడ చిన్న డబ్బనే పెట్టిన నేను.”

“పోనియ్యి బిడ్డా. సార్, ఇగో తాళంచెవి.”

“ఆ తాళంచెవి పట్టుకోకుండ్రి సార్. నన్ను సేఠ్ దగ్గరికి తీస్కపోండ్రి. తప్పు నాదని నోటితోని చెప్త, ఎవలు కట్ చేస్తరో చూస్త.”