కాచి చల్లార్చిన నీళ్లు

2011. నాచారంలోని ఒక చిన్న ల్యాబు. మైక్రోస్కోపు ముందు టెక్నీషియన్ సాయి ప్రియ. ఎదురు స్టూలు మీద, భార్య కమలకుమారి రిపోర్టు పట్టుకుని గోపాలరావు.

"మళ్లీ మొదటికొచ్చావేంటమ్మా? చెప్పానుగా, తిన్నగా ఇక్కడికే తెచ్చానని."

"ఎప్పుడు తెచ్చిన్రు, అంకుల్?"

"సోమవారం పొద్దున ఆపరేషన్. రొమ్ములో గడ్డ తీసి డబ్బాలో వేసిచ్చారు. పట్టుకొచ్చేశా."

"సోమవారం, మంగళవారం బంద్. మా షట్టరే తెరవలే."

"అదే... రెండు రోజులూ వచ్చి చూసి, మేడిపల్లి ఇంటికి తీసుకెళ్లా. అది కాదు, నువ్వు రిపోర్టు సంగతి చెప్పు. హార్మోను టెస్టులో గడ్డకి రంగు పట్టలేదు, హార్మోను మాత్రలు మీ ఆవిడకి పనిచెయ్యవు అంటాడు డాక్టరు. నిజమేనా?"

"గడ్డకొక్కదానికే పట్టకపోతే నిజమే. పక్కనున్న మంచి కండకు సుత పట్టలే. దానికి పట్టి తీరాలె. అందుకే అడుగుతున్న, ఇంట్ల ఏం జేసిన్రు?"

"ఏం చేస్తాం? ఫ్రిజ్జులో పెడతానంటే మా ఆవిడ ఆసుపత్రి మంచం మీంచే నవ్వింది. పెరుగు గిన్నె పక్కన నన్ను పెడతారా అని."

"అంకుల్. జర నిజం జెప్పున్రి."

"స్కూటరు మీద ఒరిగిందమ్మా. సగం ఫార్మలిన్ కారిపోయింది. ముక్క పైకి తేలి ఎండిపోతోంది, పాపం."

"ఇగ?"

"నీళ్లు పోశా. పంపు నీళ్లు కాదు! కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి మరీ పోశా."

"ముక్క కుళ్లకుండ ఆపేది ఆ ఫార్మలినే, అంకుల్. నీళ్లు కలిస్తే లోపల కరాబయితది. కరాబయినదానికి రంగు పట్టదు. మాత్రలు పనిజేస్తయో చెయ్యవో ఇగ ఆ ముక్క చెప్పలేదు."

"ఇంకో ముక్క కోసి చూడు."

"ఉన్నదంతా ఆ డబ్బాలనే ఉండె."

"మళ్లీ ఒంట్లోంచి..."

"గడ్డంతా తీసేసిన్రు గద. ఏడికెళ్లి తెస్తం?"

"అంటే నేనే... ఈ చేతుల్తోనే... ఆవిడకేం చెప్పనమ్మా?"

"ఊరుకోన్రి, అంకుల్."

"ఎలా ఊరుకోను? డబ్బా తీసుకున్న మనిషైనా ఒక్క మాట అడగొద్దూ? ఇందులో ఏం పోశావయ్యా అని!"

"మూత తీస్తే ఫార్మలిన్ ఘాటుకు కండ్లు మండాలె, మండలే. అప్పుడే తెలిసింది. రెండుసార్లు తిరిగిపోయిన మనిషిని మూడోసారి వాపస్ పంప బుద్ధిగాలే, మంచిగనే ఉన్నదని రిజిస్టర్ల రాసిన. ఆ దినం మాస్కు పెట్టుకొని డబ్బా తీసుకున్నది నేనే, అంకుల్."